పైడమ్మ ముందడుగు

అనగనగా కొండకింద ఒక ఊళ్ళో పైడమ్మ అనే నర్సు ఉండేది. ఊ కొట్టు మరి, లేకపోతే కథ ఆపేస్తా. ఆవిడ గట్టి మనిషి. తనకు రాని పని ఇంకా పుట్టలేదనేది. చాలావరకు నిజమే కూడా.

కొండమీద మెట్టవలస. అక్కడ ఒక చంటిపిల్లకి పోలియో వచ్చి కాలు చచ్చుబడింది. మిగతా ముప్పైమంది పిల్లలకీ చుక్కల మందు వెయ్యాలి. మందుని మంచుడబ్బాలో పెట్టి తీసుకెళ్ళాలి. మంచు కరిగిందా, మందు పనికిరాదు. పైడమ్మ సైకిలేమో మిట్ట సగంలోనే ఆగిపోయేది. దిగి తోసుకుంటూ వెళ్ళేసరికి మంచంతా నీళ్ళు. ఒకసారి కాదు, రెండుసార్లు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వెనక్కెళ్ళిపోతుంటే పైడమ్మకి ఏడుపొచ్చింది.

మూడోసారి బయల్దేరే ముందు, మిట్ట ఎక్కడమెలాగని సైకిలు షాపు సన్నాసితాతని అడిగింది. తాతకి ముందు పళ్ళు లేవు, పైగా నోట్లో చుట్ట. "ముందడుగు... తొక్కు" అన్నాడు. ఓహో, ముందు ఎవరినైనా అడిగి ఆ తర్వాత తొక్కమన్నాడు కాబోలు అనుకుంది మన పైడమ్మ.

అప్పుడు దారిలో మేకలకాపరి కనిపిస్తే అడిగింది. మడమతో నొక్కమన్నాడు. నొక్కితే పాదం జారి, పెడలు తిరిగొచ్చి కాలికి తగిలింది. ఆ తర్వాత కల్లుగీసే ఆయన కనిపించాడు. వేళ్ళకొసలతో తొక్కు, నేను చెట్టెక్కట్లేదా అన్నాడు. తొక్కితే పిక్క పట్టేసింది. డబ్బాలో మంచు సగమైంది.

ఆ తర్వాత కట్టెలమోపుతో ఒక ముసలమ్మ ఎదురైతే ఆవిడనీ అడిగింది. దారినపోయేవాళ్ళని ఇలా అడగమని ఎవరు చెప్పారే అంది. పైడమ్మ చెప్పింది. ముసలమ్మ మోపు దించి మరీ నవ్వింది. సన్నాసి ఆవిడకి సొంత తమ్ముడట.

"వెర్రిదానా, వాడి బోసినోటి మాట నాకు తెలీదూ? అడగమని కాదే, ముందడుగుతో తొక్కమన్నాడు. అంటే అరికాలి ముందువైపు, బొటనవేలి వెనక మెత్తగా ఉబ్బి ఉంటుందే, ఆ చోటు."

అప్పుడు పైడమ్మ ఆ మెత్తటి చోటుని పెడలు నడిమధ్యన ఆనించింది. మడమ వేలాడనివ్వలేదు, వేళ్ళు బిగించలేదు. దబదబా తన్నకుండా, తిరగలి తిప్పినట్టు గుండ్రంగా తిప్పింది. ఒక కాలు నొక్కి వెనక్కి తెచ్చేలోపు రెండో కాలు అందుకునేది. ఒక మలుపు, రెండు మలుపులు, మూడు మలుపులు. సైకిలు ఆగితే ఒట్టు!

మెట్టవలస చేరేసరికి గుప్పెడు మంచు మిగిలింది. అది చాలు. ముప్పైమందికీ చుక్కలు వేసింది. కాలు చచ్చుబడిన పిల్ల తల్లి ఉందే, ఆ తల్లే దగ్గరుండి మిగతా పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఒడిలో పట్టుకుంది.

ఆ తర్వాత మూడేళ్ళకి పైడమ్మ మళ్ళీ ఆ మిట్ట ఎక్కింది. ముప్పైమంది పిల్లలూ కేకలేస్తూ సైకిలు వెనకాల పరుగో పరుగు. మరి ఆ పిల్ల ఏదంటావా? పైడమ్మ వెనక, క్యారియర్ మీద కూచుని, అందరికంటే ముందుంది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి.