సముద్రపు పువ్వుకు వరస కుదిరింది

"మూడు చారల చేపయ్యా, మేడెక్కడయ్యా?
ముట్టుకుంటే కుట్టే పువ్వు..."

ఆ తర్వాత ఏదో ఉయ్యాల మాట వస్తుంది. చిన్నప్పుడు పాడుకున్న పాట, ఇంతే మిగిలింది నాకు. కథ మాత్రం మొత్తం గుర్తుంది, వినండి.

ఒకప్పుడు ఆ చేపకు చారలే లేవు. ఒళ్ళంతా నారింజ రంగు. చిటికెన వేలంతే ఉన్నా ఎంత దూరానికైనా కనిపించేవాడు. అదే చిక్కయింది. వాడి పెళ్ళాం రెండుసార్లు గుడ్లు పెడితే, రెండుసార్లూ పెద్దనోటి చేప వచ్చి మింగేసింది.

మూడోసారి పెళ్ళాం అంది, "ఈ పూటే గుడ్లు పెట్టాలయ్యా. ఎక్కడైనా చోటు చూడు."

ఆ పగడాల దిబ్బ మీద భద్రమైన చోటు ఒక్కటే, సముద్రపు పువ్వు మొదలు. నిజానికి అది పువ్వు కాదు, పువ్వులా కనిపించే ప్రాణి. వందల వేళ్ళు ఆడిస్తూ ఉంటుంది. వేలు తగిలిందా, తేలు కుట్టినట్టే!

వరస కలిపితే కరుగుతుందనుకుని వెళ్ళాడు నారింజ చేప.

"అత్తా, కాస్త చోటిస్తావా?"

"నీకు పిల్లనిచ్చానా, అత్తనవడానికి?" చెళ్ళున ఒకటిచ్చింది పువ్వు. మెడ చుట్టూ తెల్లటి వాత తేలింది.

"తప్పయింది వదినా!"

"మీ అన్న ఎప్పుడు కట్టాడు నాకు తాళి?" నడుం మీద ఇంకో వాత.

"పోనీ, అమ్మమ్మా..."

"నేనంత ముసలిదాన్నా?" తోక దగ్గర మూడోది.

ఒళ్ళు మండిపోతోంది. అయినా కదల్లేదు వాడు. పోతే గుడ్లెక్కడ పెట్టాలి?

"నేనేమన్నా తప్పే అవుతోంది. నిన్నేమని పిలవమంటావో నువ్వే చెప్పు," అన్నాడు.

పువ్వు వేళ్ళు ఆగిపోయాయి. ఆ మాట దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"అక్కా అను," అంది చిన్నగా. "నాకు తోడబుట్టినవాళ్ళు లేరు."

"అయితే అక్కా, మా పిల్లలకు నువ్వు మేనత్తవి!"

"మేనత్తనా!" వేళ్ళన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. "సరే, తొందరపడి మీద పడకు. మెల్లమెల్లగా వచ్చి నా జిగురు నలుగులా పూసుకో. అప్పుడు నువ్వు ఇంటివాడివని నా వేళ్ళకు తెలుస్తుంది."

కొంచెం కొంచెంగా ఒళ్ళు రాసుకున్నాడు. మంట తగ్గింది. సాయంత్రానికి పువ్వు మొదట్లో, రాతికి అంటుకుని బోలెడు గుడ్లు. పెద్దనోటి చేప రానే వచ్చింది. మేనత్త వేళ్ళు చాచింది. అంతే, వచ్చిన దారినే పరుగు!

అప్పటినుంచే ఆ చేప ఒంటిమీద మూడు తెల్ల చారలు. అప్పటినుంచే అక్క ఇల్లు విడిచి దూరం పోడు. గుడ్లకు రెక్కలతో విసనకర్రలా విసురుతూ కాపలా కాసేదీ ఆ తండ్రే.

ఈ కథ నాకు చెప్పింది మా చిన్నాయన కొర్లయ్య. అండమాన్ సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాడు. ఆఖరుసారి పడవెక్కుతుంటే, నాకూ ఒక చారల చేపను పట్టి తెమ్మని అడిగాను.

"వాడు గుడ్లకు విసురుతుంటాడు కదే తల్లీ, ఎలా తెమ్మంటావు?" అన్నాడు.