ఆగా వంటలో ఉప్పు

మా గురువుగారు అచ్యుతంగారికి ఒక పాడు అలవాటుంది. ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. ఫిడేలు నేర్చుకోవడానికి వచ్చిన మా అందరికీ ఇది మొదటి నెలలోనే తెలిసిపోతుంది. తెలిశాక కూడా అడక్కుండా ఉండలేం, అదీ మా ఖర్మ. ఆ సాయంత్రం అడిగినవాడు మార్కండేయ. మాలో అందరికంటే బాగా వాయించేవాడు వాడే, అందరికంటే త్వరగా మొహం ముడుచుకునేవాడూ వాడే.

“ఏడేళ్ళుగా మీ దగ్గర కూర్చుంటున్నాను గురువుగారూ. ఒక్కసారంటే ఒక్కసారి బాగుందని ఎందుకనరు? నేనంటే మీకు ఇష్టం లేదా?”

వాడి బాధ ఉత్తుత్తిది కాదు. బెజవాడలో ఒక పెద్ద విద్వాంసుడు వాడి కచేరీ విని, పదిమందిలో భుజం తట్టి, “నీ చేతిలో అమృతం ఉందయ్యా, నా దగ్గరికి వచ్చెయ్” అన్నాడు. మర్నాటికి జవాబు చెప్పాలి. ఇక్కడ ఒక్క మంచి మాట వినబడితే ఉండిపోదామని, లేకపోతే పెట్టె సర్దేద్దామని వాడు వచ్చాడు. ఆ సంగతి నాకూ తెలుసు, గురువుగారికీ తెలుసు.

గురువుగారు కమాను వదులు చేసి పెట్టెలో పెట్టారు. “నీ మూడో వేలు ఇంకా జారుతోంది,” అన్నారు. ఆ వెంటనే, “ఆకలేస్తోందిరా. ఆగా దగ్గరికి పోదాం పదండి,” అన్నారు.

బెహ్రాం ఆగాది బర్కత్‌పురాలో చిన్న పర్షియన్ భోజనశాల. తాతల కాలంలో ఇరాన్‌లోని యజ్ద్ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ కుటుంబం. వంటంతా ఆగాయే చేస్తాడు, ఇంకొకళ్ళని గరిటె ముట్టుకోనివ్వడు. గురువుగారు కుర్రతనం నుంచీ అక్కడే తింటున్నారు. మోకాలికి ఆపరేషనై ఆరునెలలుగా గుమ్మం దిగని మనిషి కదా, ఆటో ఎక్కింది మొదలు ఆ కుంకుమపువ్వు అన్నం గురించీ, అందులో వేసే చిన్న చిన్న ఎర్రటి పుల్లపండ్ల గురించీ, కాల్చిన వంకాయ గురించీ చెబుతూనే ఉన్నారు. మాకు నోరూరిపోయింది.

ఆగా ఎదురొచ్చి గురువుగారిని గట్టిగా కావలించుకున్నాడు. “ఉస్తాద్! బతికే ఉన్నావా!” అన్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. హాల్లో మేము కాక ఒక్క కుటుంబమే ఉంది.

వడ్డించాడు. ఏం చెప్పమంటారు! అన్నం చూడ్డానికి బంగారం, నోట్లో పెట్టుకుంటే సప్పిడి. వంకాయ అయితే జ్వరం వచ్చినవాడికి పెట్టే పథ్యంలా ఉంది. మార్కండేయా నేనూ మొహామొహాలు చూసుకున్నాం. ఆ దేశపు వంట ఇలాగే ఉంటుంది కాబోలు, మనకేం తెలుసు అనుకున్నాం. పక్క టేబుల్ ఆయన కూడా భార్యకి అదే పాఠం చెబుతున్నాడు. “అసలైన పర్షియన్ వంటంటే ఇంతే. మన నాలుకలే కారానికి మొద్దుబారిపోయాయి.” కంచాల్లో సగం వదిలేసి, “ఫస్ట్ క్లాస్ ఆగా!” అని చెయ్యి ఊపేసి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆగా మా వైపు తిరిగాడు. మార్కండేయ ఎంతో మర్యాదగా, “చాలా బాగుందండీ,” అన్నాడు. నేనూ తల ఊపాను.

గురువుగారు చెయ్యి కంచంలోంచి తీశారు. “ఇందులో ఉప్పేది ఆగా?”

ఆగా మొహం కందిపోయింది. “అందరూ బాగుందంటున్నారే!” అన్నాడు.

“ఉప్పు లేదు. వంకాయలో కూడా లేదు.”

ఆగా గురువుగారి కంచం తీసుకుని వంటగదిలోకి పోయాడు. ఎంతసేపటికీ రాలేదు. “పెద్దాయన్ని అంత మాట అనేశారేమిటండీ! నొచ్చుకున్నాడు పాపం,” అని మార్కండేయ గొణిగాడు. గురువుగారు మంచినీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టి వంటగది గుమ్మం వైపు చూశారు. ఇన్నేళ్ళ స్నేహం ఈ పూటతో పోయిందేమోనని ఆయనకీ భయం వేసినట్టుంది.

చివరికి ఆగా ఖాళీ చేతులతో వచ్చి మా బల్ల దగ్గర కూలబడ్డాడు. “చలికాలంలో జ్వరం వచ్చింది ఉస్తాద్. అప్పట్నుంచీ ఏది నోట్లో పెట్టినా నాకు ఉప్పుగానే ఉంటోంది. అందుకని తగ్గిస్తూ వచ్చాను. జనం ఎందుకు రావట్లేదా అని రాత్రిళ్ళు నిద్ర లేదు. వచ్చినవాడల్లా బ్రహ్మాండం అన్నాడు. ఒక్కడు చెప్పలేదే!” అని తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

“నాలుక నాది పెడతాను, చెయ్యి నువ్వు పెట్టు. లే,” అని గురువుగారు ఆ మోకాలు ఈడ్చుకుంటూ అతని వెంట వంటగదిలోకి నడిచారు. ఇంకొంచెం, ఇంకొంచెం, అయ్యో అంత కాదు, అని లోపల్నుంచి కేకలు. ఆ తర్వాత ఇద్దరి నవ్వులు. మళ్ళీ వడ్డించిన అన్నం ఫరవాలేదు. వంకాయ మాత్రం ఆ పూటకి ఇక బాగుపడలేదు, నిజం చెప్పొద్దూ.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. మార్కండేయకి ఇంకా మింగుడు పడలేదు. “ఆ పక్కవాళ్ళు ఎవరో ఏమిటో, అయినా ఎంత చక్కగా మెచ్చుకుని వెళ్ళారు! మీకు ఆయనంటే ప్రాణం కదండీ. మీకే ఎలా అనబుద్ధయింది?”

గురువుగారు వాడి భుజం మీద చెయ్యివేసి బరువంతా ఆనించారు.

“వాళ్ళకేం, మళ్ళీ రారు. నేను బతికున్నన్నాళ్ళూ ఆ చేతి వంటే తినాలనుకుంటున్నానురా.”