పిల్లి కడుపులో తిరగలి

ఒకప్పుడు పిల్లికి గుర్రుమనడం రాదు. మ్యావ్ అనడం వచ్చు, బుస్సుమనడం వచ్చు, వీపు వంచి తోక గుబురుగా చేసుకోవడం ఇంకా బాగా వచ్చు. ఎందుకంటే ఆ రోజుల్లో దానంత పిరికిది లోకంలో ఇంకోటి లేదు. ఆకు రాలితే ఎగిరిపడేది. తన నీడ తన వెనకాలే వస్తోందని పరుగులు తీసేది. నేను పిల్లుల పక్షమే గానీ, ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

అప్పట్లో ఒక కాలవ గట్టున ఏడంటే ఏడే ఇళ్లున్న పల్లె ఒకటి ఉండేది. ఆ పల్లెలో బూడిద రంగు పిల్లి ఒకటుండేది. దాని పేరు బూది. దానికి ఒకే ఒక్క కూన. కంట్లో పడ్డ నలుసంత ఉందని ఆ కూనను అందరూ నలుసు అని పిలిచేవారు.

బూది తన నలుసును మొదట కమ్మరి ఇంటి అటక మీద పెట్టింది. సుత్తి ఠంగుమంది. "అమ్మో!" అని కూనను మెడ దగ్గర కరుచుకుని రెండో ఇంటికి పరుగెత్తింది. అక్కడ మగ్గం టకటకమంది. సరే, మూడో ఇంటికి. అక్కడ తాతగారు తుమ్మారు. ఎవరో తుమ్మితే ఇల్లు మారతారా ఎక్కడైనా? బూది మారింది. నాలుగో ఇంట్లో పోపు చిటపటలాడింది. ఐదో ఇంట్లో దూడ అంబా అంది. ఆరో ఇంట్లో ఏ చప్పుడూ లేదు. "ఇంత నిశ్శబ్దంగా ఉందంటే ఏదో ఉందన్నమాటే!" అని అక్కణ్ణుంచీ లేచింది.

పాపం, నలుసు సంగతి చూడండి. అది పాలకు నోరు పెట్టగానే అమ్మ గుండె దడదడలాడేది. ఆ దడకు కూన ఉలిక్కిపడి నోరు తీసేసేది. కళ్లు మూతపడగానే ఇల్లు మారాల్సి వచ్చేది. తిండి లేదు, నిద్ర లేదు. వారం తిరిగేసరికి పక్కటెముకలు బయటికొచ్చాయి. ఏడుద్దామన్నా గొంతు పెగలడం లేదు. బిడ్డ తనకు దక్కదేమోనని బూదికి కొత్త భయం పట్టుకుంది. ఆ భయంతో గుండె ఇంకా గట్టిగా కొట్టుకోసాగింది.

ఆరో ఇల్లు వదిలిన పొద్దున కాలవ ఒడ్డున కొంగ కనిపించింది. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, ఎంతో ప్రశాంతంగా ఉంది.

"కొంగన్నా, నీకు భయమే లేదా?" అని అడిగింది బూది.

"జపం చేసుకునేవాడికి భయమెక్కడిది?" అంది కొంగ.

"అయితే నాకూ నేర్పు. నా గుండె దడకు బెదిరిపోయి నా బిడ్డ పాలు తాగడం లేదు."

"దానిదేముంది! మనసులో ఉన్న మాటనే మళ్లీ మళ్లీ అనుకోవాలి. నేనైతే చేప, చేప, చేప అనుకుంటాను... ఉండుండు!" అని కొంగ ముక్కుతో నీళ్లలో ఒక్క పోటు పొడిచి, చేపను గుటుక్కున మింగి, మళ్లీ కళ్లు మూసుకుంది.

బూది నలుసును గట్టు మీద గడ్డిలో పడుకోబెట్టి తనూ కళ్లు మూసుకుంది. "ఎలుక, ఎలుక, ఎలుక" అని మొదలుపెట్టింది. పదిసార్లు అనేసరికి నోరూరింది. ఇరవైసార్లకు తోక కొస వణికింది. ముప్పైసార్లకు ఎదురుగా ఎలుకే కనిపించినట్టయి, ఎగిరి దూకి, దబ్బున కాలవలో పడింది. కొంగ జపం నమ్ముకున్నవాళ్ల గతి ఇంతే.

తడిసి ముద్దయిన బూది కూనను కరుచుకుని ఏడో ఇంట్లో దూరింది. అది మంగాయమ్మ మామ్మ ఇల్లు. మామ్మ పంచలో కాళ్లు చాపుకుని కూర్చుని, ముందు తిరగలి పెట్టుకుని, రాగులు విసురుతోంది. ఒక చేత్తో పిడి పట్టి తిప్పుతోంది, రెండో చేత్తో గుప్పెడు రాగులు పోస్తోంది. "రామ రామ, రామ రామ" అని పెదాలు కదులుతున్నాయి. తిరగలి మాత్రం గుర్రు... గుర్రు... గుర్రు... అంటోంది.

బూదికి ఒళ్లంతా ముళ్లు లేచాయి. "అయ్యబాబోయ్, పులి!" అని వెనక్కి తిరిగింది.

"ఎక్కడికే పరుగు?" అంది మామ్మ, చెయ్యి ఆపకుండానే. "మన ఊళ్లో ఎనిమిదో ఇల్లు లేదే పిచ్చిమొహమా. అటు దాటితే నక్కల పొదలే."

బూది గుమ్మంలోనే ఆగిపోయింది. ముందుకు వెళ్తే నక్క, వెనక్కి వస్తే పులి. ఏం చెయ్యాలో తోచక కూనను కింద పెట్టింది. అంతే, నలుసు ఏం చేసిందనుకున్నారు? బొజ్జ నేలకు రాసుకుంటూ, చిన్నగా పాకుతూ, నేరుగా తిరగలి దగ్గరికి వెళ్లింది. కింద పరిచిన చాప గుర్రుకు సన్నగా అదురుతోంది. ఆ అదురు మీద బొజ్జ ఆనించి, ఒక ఆవులింత తీసి, హాయిగా నిద్రపోయింది.

బూది నోరు తెరుచుకుని చూసింది. తన బిడ్డ నిద్రపోవడం అది చూడటం అదే మొదటిసారి.

కాసేపటికి రాగులు అయిపోయాయి. మామ్మ చెయ్యి ఆపింది. గుర్రు ఆగింది. నలుసు వెంటనే లేచి సన్నగా ఏడ్చింది.

"ఆపొద్దు మామ్మా! నీ కాళ్లు పట్టుకుంటాను, తిప్పుతూనే ఉండు!" అని బతిమాలింది బూది.

"రోజంతా విసరడానికి నా చెయ్యి ఇనుమా ఏంటే? నీ బిడ్డకు నువ్వే విసురుకోవాలి."

"నాకు చేతులేవీ, తిరగలి ఏదీ?"

అప్పుడు తిరగలి నోరు విప్పింది. రాయి కదా, గొంతు కాస్త బొంగురు. "ముందు సంగతేంటో తెలుసుకో. ఈ మంగాయమ్మ మొగుడు ఒకసారి వేటకెళ్లి గాలివానలో చిక్కుకుని మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ ఈవిడ ఏడుస్తూ కూర్చోలేదు. రామ రామ అంటూ నన్ను తిప్పింది. ఒక్కో గుప్పెడు రాగులూ, ఒక్కో గుప్పెడు భయమూ. నేను రెంటినీ పిండి చేశాను."

"నాలుగో రోజు ఆయనొచ్చి, ఇంత పిండి ఎవరు తింటారే అన్నాడు!" అని మామ్మ పకపకా నవ్వింది. "ఊరు ఊరంతా వారం రోజులు సంకటే తిన్నారు."

"నేనూ రామ రామ అంటాను" అని బూది నోరు తెరిచింది. "మ్యావ్" అని వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ మ్యావే. నోరు తెరిస్తే పిల్లికి ఇంకోటి రాదు మరి.

"నాకూ ఆ మాట పలకదు" అంది తిరగలి. "నేనెప్పుడైనా రామా అన్నానా? నాకొచ్చిన గుర్రుతోనే నేను కానిస్తున్నాను. నువ్వు నోరు మూసుకుని గొంతులో తిప్పు. ఊపిరి లోపలికి పోయేటప్పుడూ తిప్పు, బయటికి వచ్చేటప్పుడూ తిప్పు. ఆపకు."

బూది నోరు గట్టిగా మూసుకుంది. సుత్తి, మగ్గం, తుమ్ము, పోపు, దూడ, నక్క, అన్నీ కలిపి ఒక్కసారే గొంతులో కుక్కేసింది. ఇంకేముంది, వెక్కిళ్లు పట్టుకున్నాయి. ఎక్! ఎక్! ఎక్! ప్రతి ఎక్కుకీ నాలుగు కాళ్లూ గాల్లోకి లేచాయి.

"ఒసే కంగారు గొడ్డా!" అంది మామ్మ, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతూ. "గంపెడు ఒక్కసారే పోస్తే ఏ తిరగలైనా బిగుసుకుపోతుంది. గుప్పెడు పొయ్యి. ముందు అన్నిటికన్నా చిన్న భయం పొయ్యి."

అన్నిటికన్నా చిన్నది తుమ్ము. బూది తాతగారి తుమ్మును తలుచుకుంది. కళ్లు సగం మూసుకుని, ఊపిరి నెమ్మదిగా పీల్చి, నెమ్మదిగా వదిలింది. గొంతులో ఏదో సన్నగా కదిలింది. గుర్... గుర్రు... తుమ్ము పిండైపోయింది! తరవాత పోపు పోసింది. అదీ అయింది. దూడ, మగ్గం, సుత్తి. ఒక్కోటే, గుప్పెడు గుప్పెడుగా. గుర్రు... గుర్రు... గుర్రు...

నలుసు తల ఎత్తింది. తిరగలి కదలడం లేదు, మరి చప్పుడు ఎక్కణ్ణుంచి? పాకుతూ పాకుతూ అమ్మ పొట్ట దగ్గరికి వచ్చి చెవి ఆనించింది. చప్పుడు అక్కడుంది! వెచ్చగా, సన్నగా అదురుతూ, మెత్తగా ఉంది. నలుసు నోరు పెట్టి పాలు తాగడం మొదలుపెట్టింది. ముందు రెండు కాళ్లతో అమ్మ పొట్టను పిసుకుతూ చప్పరించి తాగింది. బూది కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత సంతోషం దానికి పుట్టి బుద్ధెరిగాక లేదు.

సరిగ్గా అప్పుడే ఆకాశంలోకి ఉరుము దిగింది. ఉరుముకు బూదిని పరిగెత్తించడం అంటే మహా సరదా.

"ఏయ్ పిల్లీ! నేనొచ్చాను! ఇంకా కూర్చున్నావేం?" అని ఇల్లు అదిరేలా అరిచింది.

బూదికి భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. చెవులు వెనక్కి వాలాయి, వీపు మీద వెంట్రుకలు లేచాయి. కానీ అది కదలలేదు. ఉరుమును కూడా ఒక గుప్పెడు తీసి తిరగల్లో పోసింది. గుర్రు... గుర్రు... నలుసు ఒక్క గుటక కూడా తప్పలేదు.

"ఓ ఉరుమా, కాస్త మెల్లగా నాయనా" అంది మామ్మ. "బిడ్డ పాలు తాగుతోంది."

ఉరుము తొంగి చూసింది. ఇంత బక్క కూన, అంత పెద్ద గుటకలు. దానికి సిగ్గేసింది. గొంతు తగ్గించి, చుట్టుపక్కల ఎవరినీ లేపకుండా, దూరంగా గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

అప్పటినుంచే పిల్లి గుర్రుమంటోంది. కూనలకు పాలిచ్చేటప్పుడు గుర్రుమంటుంది, ఎండలో పడుకున్నప్పుడు గుర్రుమంటుంది. కాలికి దెబ్బ తగిలినప్పుడు కూడా ఒక మూల ముడుచుకుని గుర్రుమంటుంది. ఎవరి కడుపులో తిరగలి వాళ్లకుంటే నొప్పి కూడా మెల్లమెల్లగా పిండి అవుతుందని దానికి తెలుసు. ఎప్పుడైనా మీరు దిగులుగా కూర్చున్నప్పుడు పిల్లి వచ్చి మీ ఒళ్లో పడుకుని గుర్రుమందంటే, దాన్ని దించెయ్యకండి. అది విసురుతున్నది తన భయాన్ని కాదు, మీది.