చెంప మీద నురగ

వైకుంఠయ్యగారు వేదాంతం చెప్పేవారు. ఎలమంచిలిలో వారి ఇంటి వసారాలో సాయంత్రం పూట ఎవరు ఏ సందేహమైనా అడగవచ్చు. పొద్దున ఆయన గడ్డం గీసుకునే వేళ మాత్రం పలకరించకూడదు. ఆ సమయంలో లోలోపల ఏదో మంత్రం జపిస్తారని శిష్యులు అనుకునేవారు. ఒకాయన ధైర్యం చేసి ఆ మాటే అడిగితే, "లేదు నాయనా, గడ్డం గీసుకుంటాను" అన్నారట.

ఆ శిష్యుల్లో కోదండరావు ఒకడు. తునిలో కరెంటాఫీసులో ఇంజనీరు. మంచివాడే గాని, ఏ పనైనా ఎప్పుడు తెములుతుందా అనుకుంటూనే మొదలుపెట్టే మనిషి. ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక గురువుగారి దగ్గర కూర్చుని తండ్రి సంగతి చెప్పాడు. సన్యాసిరావుగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది, ఆ కాస్తా కూడా ఈమధ్య మానేశారు. స్నానం, మందులు, అన్నం తినిపించడం అన్నీ కొడుకే చూస్తున్నాడు. ఆదివారాలు కరెంటు మిషనుతో గడ్డం కూడా తీస్తాడు. తీస్తున్నంతసేపూ పెద్దాయన కళ్ళు గట్టిగా మూసుకుని, ఎడమచేత్తో దుప్పటి అంచు పిడికిట పడతారు. అవగానే గోడవైపు తిరిగిపోతారు.

"ఏ లోటూ చెయ్యడం లేదండీ. చేస్తున్నంతసేపూ నా మనసు మాత్రం ఎండిపోయి ఉంటోంది. ఇది సేవ అవుతుందా గురువుగారూ?"

గురువుగారు ఆ పూటకి అక్కడే ఉండిపొమ్మన్నారు. తండ్రిని కాస్త చూసుకోమని పక్కింటివారికి కబురు పెట్టి అతను ఆగాడు.

తెల్లవారాక ఆయన పెరట్లోకి వేడినీళ్ళు తెచ్చుకుని, అద్దం ముందు పీట మీద కోదండరావుని కూర్చోమన్నారు. గురువు చేత పని చేయించుకోవడం ఏమిటని అతను లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టారు. తువ్వాలు వేడినీళ్ళలో ముంచి పిండి అతని ముఖానికి అద్దారు. బ్రష్షు తడిపి, గిన్నెలో సబ్బు మీద తిప్పి తిప్పి, నురగ మీగడలా చిక్కబడ్డాక చెంపలకీ చుబుకానికీ నింపాదిగా పట్టించారు. అప్పుడు రేజరు అతని చేతికిచ్చి, నొక్కొద్దనీ దాని బరువే చాలనీ చెప్పారు. కోదండరావు అలవాటు కొద్దీ బరబరా లాగబోయాడు. ఆయన మణికట్టు పట్టుకుని ఆపారు.

"ఎవరైనా తరుముతున్నారా నిన్ను?"

అతను నెమ్మదించాడు. బ్లేడు వెంట్రుకని కోసే చిన్న సవ్వడి వినపడింది. ఇన్నేళ్ళుగా రోజూ గీసుకుంటున్నా ఆ చప్పుడు ఎన్నడూ వినలేదు. మళ్ళీ నురగ, మళ్ళీ రేజరు, చివర చన్నీళ్ళు, తడి పటిక. చెంప నిమిరి చూసుకున్నాడు. చెయ్యి తియ్యబుద్ధి కాక మళ్ళీ నిమిరాడు. తనలో తను నవ్వుకుని, గురువుగారు చూశారేమోనని సిగ్గుపడ్డాడు. ఆయన నీళ్ళు జామచెట్టు మొదట్లో పారబోసి, రైలుకి వేళవుతోందన్నారు. అడిగినది ఒకటైతే జరిగింది ఇంకొకటని కొంచెం నొచ్చుకుంటూనే బయల్దేరాడు కోదండరావు. అయినా తునిలో దిగాక బజారుకెళ్ళి బ్రష్షూ, సబ్బూ, రేజరూ కొన్నాడు.

రోజు మొత్తం మీద, అప్పుడే అయిపోయిందా అనిపించే పని అతనికి అదొక్కటీ అయింది. తండ్రి ఆ స్థితిలో ఉండగా తనకీ ముచ్చటేమిటని, ఎవరికీ కనపడకుండా నూతి గట్టు దగ్గర కూర్చుని గీసుకునేవాడు. ఒక ఆదివారం వాన పట్టుకుంది. తప్పక తండ్రి గది కిటికీ దగ్గర అద్దం పెట్టుకున్నాడు. సగంలో ఉండగా, గోడవైపు ఉండాల్సిన తండ్రి ముఖం అద్దంలో కనపడింది. ఆయన బ్రష్షునే చూస్తున్నారు.

కోదండరావు తన పని ముగించి, అలవాటుగా మిషను అందుకున్నాడు. ఒక్కక్షణం ఆగి దాన్ని పక్కన పెట్టేశాడు. వేడి తువ్వాలు ముఖానికి అద్దగానే సన్యాసిరావుగారు సుదీర్ఘంగా ఊపిరి వదిలారు. నురగ రాస్తుంటే తనంతట తనే నాలుకతో బుగ్గ పొంగించారు. బాగున్న ఎడమచెయ్యి దుప్పటి వదిలి పైకి లేచి, చెవి దగ్గర చర్మాన్ని సాగదీసి పట్టుకుంది. బయట వాన పడుతూనే ఉంది. రేజరు పైపెదవి దగ్గరికి వచ్చేసరికి, నెలల తరబడి పెదవి విప్పని మనిషి ముద్దముద్దగా అన్నారు.

"మీసం జాగ్రత్తరా."

కోదండరావు కళ్ళు భుజానికి తుడుచుకుని గాని ఆ మీసం అంచు సరిచెయ్యలేకపోయాడు. ఆ రోజు పెద్దాయన గోడవైపు తిరగలేదు. అద్దం ఇమ్మని సైగ చేశారు.

ఈ సంగతంతా ఎలమంచిలి వెళ్ళి గురువుగారికి చెప్పాడు. చెప్పినా అతని మనసు కుదుటపడలేదు. తనకి హాయిగా ఉంది కనక చేశాడు, తన సుఖం కోసం చేసింది ఇంకొకరికి సేవ ఎలా అవుతుందన్నాడు.

వైకుంఠయ్యగారు అతని నున్నటి చెంపల వంక ప్రేమగా చూశారు.

"ఆయనకి పంచాక నీ వాటా ఏమైనా తగ్గిందా నాయనా?"