పెంకు కింద గారె

ఒకప్పుడు కాకికి చాటుమాటు తెలియదు. గారె ముక్క దొరికితే ఇంటిపెంకు కింద దూర్చి, "ఇదిగో, ఇక్కడెట్టాను! రేపొచ్చి తింటాను!" అని ఊరంతా వినపడేలా అరిచి మరీ వెళ్ళేది. ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఆ రోజుల్లో ఎవరు దాచుకున్నది వాళ్ళదే.

ఆ కాకుల్లో నూకాలు అని ఒకతి ఉండేది. సముద్రం ఒడ్డున, ఒక పెంకుటింటి వెనక కొబ్బరిచెట్టు మీద దాని గూడు. గూట్లో ముగ్గురు పిల్లలు. తెరిచిన నోరు ఒక్కరూ మూసేవారు కాదు. కంచె అవతల ఉడుత చిట్టెమ్మ కాపురం.

ఒకరోజు చిట్టెమ్మ వానాకాలానికని కంచె కింద గొయ్యి తీసి వేరుశనక్కాయలు దాచుకుంటుంటే, నూకాలు పైనుంచి చూసింది. చిట్టెమ్మ అటు వెళ్ళగానే ఇటు కిందికి దిగింది.

"ఒక్కటి తింటే ఏటి తరిగిపోద్ది?" అనుకుంది.

ఆ ఒక్కటి తిన్నాక ఇంకో ఒక్కటి. అలా ఒక్కొక్కటే తినేసరికి గొయ్యి ఖాళీ.

మర్నాడు చిట్టెమ్మ లబోదిబోమంది. "వదినా, నా కాయలు ఏటైపోనాయే?"

"ఎలకలు తినేసుంటాయిలేయే" అంది నూకాలు, ముక్కు కొమ్మకి తుడుచుకుంటూ.

పాపం, చిట్టెమ్మ నమ్మేసింది. మళ్ళీ మొదటినుంచి కాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది. నాకైతే ఇక్కడే ఒళ్ళు మండుతుంది!

ఇంతలో ఆకాశం మబ్బేసింది. ముసురు పట్టిందంటే నూకాలు తడిసిన రెక్కలతో ఎగరలేదు, పిల్లలకి పస్తే. అదృష్టం కొద్దీ ఆ పెంకుటింట్లో ఏదో శుభకార్యం. నూకాలుకి ఇంత లావు గారె దొరికింది. "అమ్మయ్య! పిల్లలకి ముసురు గడిచిపోద్ది" అనుకుని పెంకు కింద పెట్టింది. ఎప్పటిలాగే అరుద్దామని నోరు తెరిచింది.

గోడ మీద గోరువంక ఒకటి ఇటే చూస్తోంది.

నూకాలు తెరిచిన నోరు టక్కున మూసేసింది. "నానూ మొన్న ఇలాగే చూసినాను గదా!"

గారె తీసి గడ్డివాములో దాచింది. అక్కడ దూడ చూసింది. "దూడ గారె తింటాదా? ఏమో! కాకి కాయలు తింటాదని చిట్టెమ్మ అనుకుందేటి?" మళ్ళీ తీసింది. చూరులో పెట్టింది. బల్లి కిచకిచమంది. మళ్ళీ తీసింది. తీసినప్పుడల్లా ఒక ముక్క రాలుతోంది. రాలిన ముక్కల్ని గోరువంక వెనకాలే వచ్చి హాయిగా తింటోంది.

అప్పుడే చిట్టెమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "వదినా, ముసురొచ్చేస్తంది..."

"నాను తియ్యనేదే తల్లీ! నీ కాయలు నాకెందుకే?" అని గయ్యిమంది నూకాలు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే మరి!

"నానడగనేదు కదే వదినా" అంది చిట్టెమ్మ మెల్లగా.

నూకాలు తల వాలిపోయింది. "తప్పైపోయిందే" అంది.

చిట్టెమ్మకి కోపం రాలేదా? వచ్చింది. తోక ఇంత లావున పొంగింది. కానీ పైన గూట్లో పిల్లల ఏడుపు వినపడుతోంది.

"ముందు పిల్లల తిండి దాచుకో. నాను చూడనులే" అని రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

నూకాలు మిగిలిన గారెను మళ్ళీ పెంకు కిందే పెట్టింది. ఎగరబోయి ఆగింది. "వేళ్ళ సందులోంచి చూసేసిందేమో!" మళ్ళీ తీసింది.

చినుకులు మొదలయ్యేసరికి గారెలో మిగిలింది చిల్లు ఒక్కటే.

పిల్లలు నోళ్ళు తెరుచుకుని గోల పెట్టారు. నూకాలు ఏం చెయ్యాలో తెలియక వానలో తడుస్తూ కూర్చుంది. అప్పుడు చిట్టెమ్మే, కొత్తగా ఏరుకున్న కాయలు వొలిచి, బుగ్గల్లో పెట్టుకుని, జారుతూ జారుతూ కొబ్బరిచెట్టెక్కింది. "తినండర్రా" అని పిల్లల నోళ్ళలో పెట్టింది. నూకాలుకి ఏడుపు ఆగలేదు.

అప్పటినుంచే కాకి, తిండి కనపడగానే "కావు కావు" అని పదిమందినీ పిలిచి తింటుంది. అది చిట్టెమ్మ నేర్పిన బుద్ధి. దాచుకునేటప్పుడు మాత్రం మెడ అటు తిప్పి, ఇటు తిప్పి, దాచి, తీసి, మళ్ళీ ఇంకోచోట దాస్తుంది. చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా సరే. అక్కడ ఒక దొంగ కాకి ఉందని దానికి తెలుసు కదా!