చెలమ దగ్గర బడి

ఎండాకాలం సాయంత్రాల్లో ఆ ఎండిన వంకలో ఇసుక పొగలా కనిపించేది. దానిమీద నీళ్ళు పారి ఎన్నాళ్ళయిందో ఇసుకకే గుర్తులేదు. నడిమధ్యన ఒకే ఒక చెలమ ఉండేది. ఎలుగవ్వ అనే ముసలి ఎలుగుబంటి గోళ్ళతో తవ్విన గుంట అది. అడుగున నీరు చప్పుడు లేకుండా ఊరుతూ ఆకాశాన్ని కొంచెం కొంచెంగా పైకి తెచ్చేది. పొద్దు వాలే వేళకు కొండవాలులోని జంతువులన్నీ నిద్రలో నడుస్తున్నట్టుగా అక్కడికి చేరేవి.

చెలమ దగ్గర ఎవరూ ఎవరినీ తినకూడదు. అది మొదటి కట్టుబాటు. తాగేటప్పుడు అంచు నుంచి ఇసుక జారుతుంది కదా, ఆ ఇసుకను తాగినవాళ్ళే ఎత్తి అవతల పోసి, ఊట తేరుకునేలా వదిలి పక్కకు తప్పుకోవాలి. ఇది రెండోది. మొదటిది పిల్లలకు వెంటనే అర్థమైంది. రెండోదే ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కడం లేదని తల్లులు మొత్తుకున్నారు. ఎవరైనా కూర్చోబెట్టి నేర్పితే బాగుండునన్నారు.

నక్క వీరప్ప నేర్పుతానన్నాడు. మంచి గొంతు, చల్లని మాట. ఆ రోజు నుంచి అతను వీరప్ప అయ్యవారు.

వీరప్పకు చదువంటే ఇష్టం లేకపోలేదు. కాని అసలు ఆశ తొలి నీళ్ళ మీద. మధ్యాహ్నమంతా ఊరి, తేటగా, చల్లగా ఉండే ఆ పైనీళ్ళు అంతవరకూ ఎవరు ముందొస్తే వాళ్ళవి. పాఠం చెప్పేవాడు ముందు తాగి చూపించాలి కదా అని అతను తల్లులను ఒప్పించాడు. కడుపునిండా తాగాడు. ఇసుక జర్రున జారింది. మీసాలు తుడుచుకుని వచ్చి బండమీద కూర్చున్నాడు.

పిల్లలందరిలో ముందు కూర్చున్నది చుక్కి అనే జింకపిల్ల. "అయ్యవారూ, మీరు ఇసుక తీయలేదే," అంది.

వీరప్ప చటుక్కున చెలమ వైపు మూతి చూపించాడు. "తీయకపోతే ఎట్లుంటుందో చూపిస్తున్నానమ్మా. చూడు, నీళ్ళు ఎట్లా మురికిపట్టాయో. ఇప్పుడు మీరు పోయి తీయండి."

పిల్లలు పోయి తీశారు. ఇంత వివరంగా చెప్పే అయ్యవారు దొరకడం అదృష్టమని తల్లులు అనుకున్నారు. ఆ తర్వాత రోజూ అదే పాఠం.

పగళ్ళు వీరప్ప బండ నీడలో పడుకునేవాడు. కలలో వంక నిండా నీళ్ళు పారేవి. మధ్యలో తను ఒక రాతి మీద కూర్చుని, ఎలా పారాలో ఆ నీళ్ళకు చెబుతూ ఉండేవాడు. నీళ్ళు తలూపుతూ పోయేవి.

ఇక్కడ మెలకువగా ఉన్న పిల్లలు అయ్యవారి ఆట ఆడుతున్నారు. ఒకరోజు తెల్లవారుజామున, అయ్యవారు లేని వేళ, తల్లులతో నీళ్ళకు వచ్చినప్పుడు చుక్కి తాగి, ఇసుక తీయకుండా, ఠీవిగా పోయి బండమీద కూర్చుంది. తల్లి కసిరితే, తీయకపోతే ఎట్లుంటుందో చూపిస్తున్నానంది. పందిపిల్ల గుజ్జడూ అదే మాట చెప్పాడు. కొండముచ్చు పిల్లా, కుందేలు పిల్లలూ అంతే. అందరికీ అయ్యవారు కావాలనే ఉంది, ఇసుక తీసేవాడిగా ఉండాలని ఎవరికీ లేదు. కట్టుబాట్లు మాత్రం అడిగితే ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పేవాళ్ళు.

ఒక సాయంత్రం వీరప్ప వచ్చేసరికి చెలమ లేదు. దాని చోట ఇసుక పూడిపోయి, తేమగా చిన్న పల్లం ఉంది. ఆ తేమ కూడా చూస్తుండగానే తెల్లబడుతోంది. జంతువులు చుట్టూ నిలబడ్డాయి. ఏం జరిగిందని పిల్లలను అడిగితే, అందరం అయ్యవారిలాగే చేశామని, ఇసుక ఎవరూ తీయలేదని దాచకుండా చెప్పారు. తల్లులందరూ వీరప్ప వైపు చూశారు. వీరప్ప కొండ వైపు చూశాడు. కొండ అవతల మడుగుంది, నిజమే. అక్కడ చిరుత కాపురం ఉంది. దానికి ఏ కట్టుబాటూ లేదు. జింక తల్లి అప్పుడే బిడ్డ కాళ్ళు చూస్తోంది, అంత దూరం పరుగెత్తగలవా అని.

ఎలుగవ్వ ఎప్పటిలాగే మెల్లగా వచ్చింది. అందరూ తవ్వమని బతిమాలారు. ఆమె చతికిలబడింది.

"నేను తవ్వితే చిటికెలో పని. అయ్యవారు ఉండగా నేను ముందుకు పోతే ఏం బాగుంటుంది?"

తన అరికాళ్ళు మెత్తనివనీ, తవ్వకం తన వృత్తి కాదనీ, తనది నోటి పని అనీ వీరప్ప వినయంగా మనవి చేసుకున్నాడు.

"అయితే నోటితోనే తవ్వు నాయనా."

ముసలి పంది ఒకటి గురగురమని నవ్వింది. పొదల్లోకి జారుకుందామా అనుకున్నాడు వీరప్ప. కాని నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, పొదల్లో నీళ్ళు లేవు. పైగా పిల్లలు అప్పుడే వరుసగా కూర్చున్నారు. వరుసలో కూర్చోవడం అతనే నేర్పాడు.

తవ్వాడు. రెండు దోసిళ్ళు తీస్తే ఒక దోసెడు వెనక్కి జారేది. కాళ్ళతో తీశాడు, మూతితో నెట్టాడు. సూర్యుడు కొండమీద ఆగి చూస్తున్నట్టనిపించింది. ఇసుక మోకాళ్ళ దాకా వచ్చింది, తర్వాత మెడ దాకా. మూడు గోళ్ళు విరిగాయి. తను తవ్వుతున్నాడో, ఇసుకే తనను లోపలికి పిలుచుకుంటోందో తెలియకుండా పోయింది. అప్పుడు ముక్కుకు చల్లగా ఏదో తగిలింది. అరిచేతి వెడల్పున నీరు. అందులో ఎర్రటి ఆకాశం ముక్క.

నాలుగు గుక్కలు తాగాడు. అంచు నుంచి కాస్త ఇసుక జారింది. గోళ్ళు విరగ్గొట్టుకుని తీసిన ఇసుక అది. చూసి ఊరుకోలేకపోయాడు. ముందుకాలు దానంతటదే లేచి ఆ ఇసుకను తీసి అవతల పోసింది. తర్వాత పైకెక్కి, ఊట తేరుకోనిచ్చి, పక్కకు తప్పుకుని రొప్పుతూ నిలబడ్డాడు.

తలెత్తితే పిల్లలందరి కళ్ళూ అతని మీదే ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పాలనుకున్నాడు. నీళ్ళు తాగినా నోట్లో ఇంకా ఇసుకే.

చుక్కి దిగింది. తాగింది. గిట్టతో ఇసుక ఎత్తి అవతల వేసి తప్పుకుంది. గుజ్జడు దిగాడు. అతనూ తీశాడు. ఎవరూ కట్టుబాట్లు అప్పజెప్పలేదు.

"బాగా చెప్పావు వీరప్పా," అంది ఎలుగవ్వ. "ఇదే పాఠం రోజూ ఉండనీ. పిల్లలందరూ తాగాక నువ్వు తాగుదువుగాని. అయ్యవారికి అదే మర్యాద."

తల్లులందరూ ఔనన్నారు. వీరప్ప అభ్యంతరం చెప్పబోయి దగ్గాడు. మసక పడుతున్న ఇసుకలో నడిచిపోయి, ఆఖరి కుందేలుపిల్ల వెనక నిలబడ్డాడు.

నీతి: పిల్లలు మనం చెప్పే పాఠం వింటారు, కాని చదువుకునేది మనల్నే.