వేడిని పక్కింటికి తోసిన సందు

అనగనగా మన పల్నాడులోనే ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక చిన్న సందు. సందులో నాలుగంటే నాలుగే ఇళ్ళు. నాలుగో ఇల్లు దాటితే అడ్డంగా పెద్ద గోడ. ఊ కొడుతుండు లాసీ, నువ్వు ఊ కొట్టడం మానితే నేనిక్కడే ఆపేస్తా.

ఆ నాలుగో ఇల్లు కోటేశ్వరి వాళ్ళది. నీ ఈడు పిల్లే. నీకంటే కొంచెం నయం, చెప్పిన మాట వినేది. ఇంట్లో అమ్మ అనంతమ్మ, నాయనమ్మ, ఉయ్యాల్లో నెల తిరగని తమ్ముడు. నాన్న పొద్దున్నే క్వారీ పనికి పోతే మళ్ళీ దీపాల వేళకే రావడం.

ఆ ఏడు ఎండలు మామూలు ఎండలు కావు. ఎందుకంటావా? సూర్యుడు ఎప్పటి సూర్యుడే, పాపం ఆయన తప్పేం లేదు. మనమే బొగ్గు కాల్చి కరెంటు చేస్తిమి, పెట్రోలు కాల్చి బళ్ళు తోలితిమి. ఆ పొగ పైకి పోయి భూమికి బొంత కప్పినట్టయింది. నీకు ఉక్కపోస్తే బొంత ఒక్క తన్ను తన్నేస్తావు. భూమి తన్నలేదుగా, అలాగే ఉడుకుతూ కూర్చుంది.

అప్పుడు మొదటింటి లారీ బ్రహ్మయ్య ఏసీ కొన్నాడు. ఏసీ ఏం చేస్తుందనుకున్నావు? లోపలి వేడంతా తోడి బయట కుమ్మరిస్తుంది. ఆ వేడి పోయి రెండో ఇంటి కిటికీలో పడింది. ఆ తర్వాత రెండో ఇంటి టైలరు మస్తాన్‌బీ, ఉక్క తట్టుకోలేక తనూ ఒకటి పెట్టించింది. ఆ వేడి మూడో ఇంటికి పోయింది. మూడో ఇంటి కిరాణా శేషయ్య మాత్రం ఊరుకుంటాడా? వాళ్ళిద్దరి వాటికంటే పెద్దది తెచ్చాడు. ముగ్గురి వేడీ కలిసి సందు చివరికొచ్చి, గోడకి కొట్టుకుని, కోటేశ్వరి వాళ్ళింట్లో తిష్ఠ వేసింది.

తప్పు చేస్తున్నామని ఎవరికీ తోచలేదు. ఎవరి తలుపులు వాళ్ళు మూసుకున్నారు మరి.

ఉయ్యాల్లో పసివాడికి ముందు ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి. ఆ తర్వాత పాలు తాగడం తగ్గించాడు. ఆ తర్వాత ఏడుపు కూడా సన్నగా మూలుగులోకి దిగింది. చెప్తుంటే నాకే ప్రాణం ఉసూరుమంటోంది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి, "జబ్బేం లేదమ్మా, వేడికి వడిలిపోయాడు. గది చల్లగా ఉంచండి. రేపటికి పాలు సరిగ్గా తాగకపోతే ఇక్కడే చేర్చుకుంటా," అంది.

గది చల్లగా ఉంచమంటే ఎట్లా ఉంచడం? అనంతమ్మ ఉయ్యాల చుట్టూ తడిచీర కట్టింది. చూస్తుండగానే ఆరిపోయింది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే శేషయ్య ఏసీ సెగ. ఆ తల్లి విసనకర్ర పట్టుకుని, చెయ్యి మార్చి చెయ్యి విసురుతూనే ఉంది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం నాయనమ్మ, "మిద్దె మీద వడియాలు కాకులు తింటన్నయ్యేమో చూసిరావే," అంది. వడియాల దగ్గరికి చెప్పులతో పోకూడదు గదా. కోటేశ్వరి ఉత్త కాళ్ళతోనే నాపరాళ్ళ మిద్దె ఎక్కింది. ఒక గెంతు గెంతింది. రెండో గెంతు గెంతింది. మూడో గెంతు గెంతి ఆగిపోయింది. కాలు కాలట్లేదు.

వంగి చూసింది. ఉగాదికి గోడలకి సున్నం వేసినప్పుడు బకెట్ ఒలికిందేమో, అక్కడ తెల్లగా పెద్ద మరక. పక్కనున్న నల్లరాయి మీద కాలు పెట్టింది, చురుక్కుమంది. మళ్ళీ తెల్లమరక మీద పెట్టింది, హాయిగా ఉంది. నల్లరాయి ఎండని మింగి కింద తమ్ముడి మీదికి దింపుతోంది. తెలుపేమో ఎండని వచ్చిన దారినే పంపించేస్తోంది. ఆ సంగతి పిల్లకి అరికాలు చెప్పింది.

సరిగ్గా అప్పుడే, మూడు ఏసీల బరువు మొయ్యలేక ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. కరెంటు పోయింది. ముగ్గురూ చెమటలు కక్కుకుంటూ సందులోకి వచ్చారు. "నీ పెద్ద ఏసీ వల్లే," అని బ్రహ్మయ్య. "ముందు తెచ్చింది ఎవరంట?" అని శేషయ్య.

కోటేశ్వరి పిట్టగోడ మీంచి పిలిచింది. "శేషయ్య మామా, చెప్పులిడిచి ఒక్కసారి పైకి రా."

"ఎందుకే, కాళ్ళు మాడిపోతయ్."

"మాడతయ్యో లేదో చూడటానికే."

శేషయ్య ఎక్కాడు. అంత బొజ్జా వేసుకుని ఆ రాళ్ళ మీద ఎగురుతుంటే చూడాలి. కోటేశ్వరి చెయ్యి పట్టుకుని లాగి తెల్లమరక మీద నిలబెట్టింది. శేషయ్య ఎగరడం ఆపి, కిందికి చూసి, "అదేందే, ఇక్కడ కాలట్లా," అన్నాడు.

దిగేటప్పుడు ఆయన చూపు ఉయ్యాల మీద పడింది. గుమ్మంలోంచి లోపలికి తొంగిచూస్తే సెగ మొహానికి కొట్టింది. "మీ ఇంట్లో ఇంత వేడేందమ్మా?" అన్నాడు.

"మీ ముగ్గురిదీ ఇక్కడికే వస్తంది అన్నయ్యా," అంది అనంతమ్మ. నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఆయనకి గట్టిగా తగిలింది.

ఆ తర్వాత శేషయ్య కొట్లో ఉన్న సున్నమంతా బయటికి తీశారు. అది ఒక్క మిద్దెకే వస్తుంది. ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు మస్తాన్‌బీ, "ఇందులో అనుకోడానికేముంది, పసిబిడ్డ ఇంటికే ముందు," అని కొంగు బిగించింది.

పెద్దవాళ్ళు సున్నం కలిపారు. పిల్లలు దాన్ని ముట్టుకోకూడదు, కళ్ళు పోతాయి, గుర్తుపెట్టుకో. కోటేశ్వరి మిద్దె ఊడ్చింది, నీళ్ళు అందించింది. పొద్దు వాలేదాకా పూశారు.

మర్నాడు మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. ఏసీ మీట మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అందరూ కోటేశ్వరి వాళ్ళ గుమ్మంలో కూర్చున్నారు. సందులో సెగ లేదు. లోపల మిద్దె సెగా తగ్గింది. అయినా పసివాడు పాలు తాగుతాడో లేదో ఎవరికి తెలుసు? అనంతమ్మ ఉయ్యాల వంక చూస్తోంది, వీళ్ళు అనంతమ్మ వంక చూస్తున్నారు.

అప్పుడు వాడు ఏడ్చాడు. మూలుగు కాదే లాసీ, ఆకలేడుపు. సందంతా మోగేట్టు కేరుకేరుమని ఏడ్చాడు. అనంతమ్మ గబుక్కున ఎత్తుకుంది. వాడు గుటకలు వేస్తూ తాగాడు. ఆ గుటకలు గుమ్మందాకా వినిపించాయి. నాయనమ్మ దేవుడికి దణ్ణం పెట్టింది. బ్రహ్మయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కళ్ళల్లో దుమ్ము పడిందన్నాడు. అమ్మయ్య, నా మనసు కూడా ఇప్పుడు కుదుటపడింది.

ఆ తర్వాత మిగతా మూడు మిద్దెలూ తెల్లబడ్డాయి. ఇళ్ళు చల్లబడ్డాయి, ఏసీలకి పని తగ్గింది. కోటేశ్వరీ, సందులో పిల్లలూ గోడ పక్కన వేపమొక్కలు నాటి, వంతులేసుకుని నీళ్ళు పోశారు.

ఏంటీ, ఒక్క సందుకి సున్నం పూస్తే భూమంతా చల్లబడుతుందా అంటావా? పడదు. నీతో అబద్ధమెందుకు చెప్తాను? బొగ్గు తగ్గించాలి, చెట్లు పెంచాలి. అది అన్ని ఊళ్ళవాళ్ళూ, ప్రభుత్వాలూ కలిసి చెయ్యాల్సిన పని. కానీ అందరూ మొదలుపెట్టేదాకా ఆగుంటే ఆ పసివాడు ఏమైపోయేవాడు? అందుకని నువ్వు చెయ్యగలిగింది నువ్వు మొదలుపెట్టు.

కథ కంచి బండెక్కింది,
కునుకు మన ఇల్లెక్కింది,
లైటు తీసెయ్, కళ్ళు మూసెయ్,
చల్లగాలికి చోటు చేసెయ్.